బెన్‌హర్ రికార్డు

శనివారం వచ్చిందంటే సుగుణకుమారి తన కొడుకు బెన్‌హర్ బేస్‌బాల్ ప్యాంటుకి పట్టిన ఎర్రమట్టిని బ్రష్‌తో రుద్ది వదిలించేది. బెన్‌హర్ పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు అదే వేళకి నగర శివారు ట్రుగనీనాలో వాడాడిన క్లబ్బుకి వెళ్ళి, కప్పులు కడిగి, స్కోర్ల బోర్డు తుడిచి వస్తోంది. ఆ వారం ఆటగాళ్ళు మాంసం కాల్చే బార్బీ పొయ్యి చుట్టూ చేరి, క్లబ్బు రికార్డుల్లో దేన్ని తలుచుకుంటే ముచ్చటేస్తుందని వాదించుకున్నారు. చివరికి బోర్డు మీద రాసినవాటిలో రెండు మిగిలాయి, రెండూ బెన్‌హర్‌వే. ఒకటి, వాడు కొడితే రోడ్డు దాటి వేర్‌హౌస్ కప్పు మీద పడ్డ బంతి. రెండోది, వరసగా తొమ్మిదిసార్లు బంతి తగలక అవుటవడం. చేతులెత్తిస్తే రెండోదే గెలిచింది.

"తొమ్మిదోసారి బ్యాటే ఎగిరిపోయింది కదరా," అన్నాడు బెన్‌హర్ జట్టువాడు సుబ్బు. "ఫీల్ అవకండి ఆంటీ. వాణ్ణి తలుచుకుంటే మాకు ఫస్ట్ నవ్వే వస్తుంది."

సుగుణకుమారి కూడా పళ్ళు కనబడేలా నవ్వింది.

"గెలిచినదాన్ని గోడ మీద పెయింట్ చేయిస్తాం. ఆ వేర్‌హౌస్ లైన్ తుడిచేయండి ఆంటీ," అన్నాడు మళ్ళీ సుబ్బు.

"అలాగే నాయనా."

కప్పులన్నీ కడిగి బోర్లించింది. తడిగుడ్డతో బోర్డు ముందు నిలబడింది. వేర్‌హౌస్ మీదకి ఆ బంతి కొట్టిన రోజు ఒక్కటే, నేల మీద జారే పనిలేక ప్యాంటు మట్టంటకుండా ఇంటికొచ్చింది. ఆ లైన్ తుడవకుండానే గుడ్డ పిండి, కుళాయికి తగిలించి, తలుపేసుకుని వచ్చేసింది.