దిగమని పిలవని రోజు

మా సేఠ్ ఏడాదికోసారి పనివాళ్ళందరినీ బస్సెక్కించి పిక్నిక్‌కి తీసుకెళ్తాడు. రానంటే ఒప్పుకోడు. కిందటేడు కర్జత్ దగ్గర ఏదో రిసార్టు. అక్కడ ఫోటోల కోసం వెదురుతో ఎత్తైన మంచె కట్టారు. వెదురు కనిపిస్తే మేం ఆగుతామా? మేడలు కట్టే చోట పరంజల మీద బతికేవాళ్ళం. మా అక్క భర్త, మా బావ, చెప్పులు విడిచి ముందు ఎక్కాడు. వెనకాల నేను.

మా పరంజకు ప్రతి ముడీ కొబ్బరితాడుతోనే వేస్తాం. కాలు పెడితే కొంచెం ఊగుతుంది గానీ విడవదు. ఆ మంచెకు తాళ్ళు అందానికి పైపైన చుట్టి, లోపల మేకులు కొట్టారు. అది మా ఇద్దరికీ కనబడలేదు. మా బరువుకి మేకులు ఊడి మంచె మొత్తం ఒక పక్కకు ఒరిగింది. నేను గడ్డిలో పడ్డాను, బావ రాయి మీద పడ్డాడు.

ఆస్పత్రి ఖర్చు అడిగితే, "పనిలో పడలేదు కదా, పిక్నిక్‌లో పడ్డాడు" అన్నాడు సేఠ్. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆస్పత్రిలో తలకు కుట్లు వేసి, ఎముకలు బాగానే ఉన్నాయని పంపించేశారు. కామాటిపురలో మా చాల్‌కి, ఒంటిగది ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. అప్పటినుంచి బావ కాలు నేలకు ఆనించలేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మూడంతస్తుల లోతు చూస్తున్నట్టు కిందికి చూసేవాడు. "జర పక్కకు జరుగు, ఇటుక పడ్తది" అనేవాడు అక్కతో. అన్నం పళ్ళెం తాడు కట్టి పైకి పంపమనేవాడు. ఇట్లాగే ఉండిపోతాడేమోనని అక్కకు ఒకటే భయం. ఆ గదిలో నడవాలంటే నాకూ భయం వేసేది.

"మేస్త్రీ పిలువలే గదరా, ఎట్ల దిగుతడు?" అంది అక్క ఒక సాయంత్రం.

నిజమే. మా పనిలో పొద్దుగూకితే మేస్త్రీ ఇనుపపైపు మీద కొట్టి, పేరు పేరునా పిలుస్తాడు. పిలిస్తేనే దిగాలి. మంచె ఎక్కిన రోజు ఎవరూ పిలవలేదు.

నేను వెళ్ళి సంగతి చెబితే మేస్త్రీ వచ్చాడు. గడప దగ్గర నిలబడి, పైపు మీద సుత్తితో కొట్టి, బావను పేరు పెట్టి పిలిచాడు. "దిగు బిడ్డా, పని అయిపోయింది." బావ కాలు చాపి, బొటనవేలితో నేలను తడిమి చూసి, మెల్లగా దిగి నిలబడ్డాడు. అక్క అతన్ని పట్టుకుని భోరుమంది. నాకూ కళ్ళు నిండాయి.

బావ మాత్రం ఇంటికప్పు వైపే చూస్తున్నాడు.

"మేస్త్రీ, నా బామ్మర్దిని గూడ పిలువు. వాడింక పైన్నే ఉన్నడు."

నేను అతని పక్కనే ఉన్నాను. భుజం మీద చెయ్యి వేశాను. అతను తిరిగి చూడలేదు. మేస్త్రీ నవ్వలేదు. పైపు మీద ఇంకోసారి కొట్టి, నా పేరు పెట్టి పిలిచాడు.

"దిగిన" అందామని నోరు తెరిచాను. కాళ్ళ కింద నేల కొంచెం ఊగింది.