కొలిచినదాంట్లోంచి పిడికెడు

మా అత్త బియ్యం కొలిచే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. తవ్వతో కొలిచి చేటలో పోసేది. కళ్ల దగ్గరగా పెట్టుకుని రాళ్లూ మట్టిగడ్డలూ ఏరేది. ఇక ఎసట్లో పోస్తుందనుకుంటే, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న పాత పాలపొడి డబ్బాలో వేసేది. రెండు పూటలా ఇదే తంతు. వారం తిరిగేసరికి డబ్బా నిండేది. మంగళవారం మధ్యాహ్నం దాన్ని చెంగు చాటున పెట్టుకుని స్త్రీల సమాజానికి వెళ్లి, చర్చిలో గోడకి ఆనించిన గోనెసంచిలో కుమ్మరించేది. మా బాప్టిస్టు సంఘంలో ముత్తవ్వల కాలం నుంచీ వస్తున్న ఆచారం అది. ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే ఆ బియ్యం వాళ్లింటికి వెళ్తాయి.

నేనూ బాప్టిస్టుల పిల్లనే, కాకపోతే నెల్లిమర్ల పిల్లని. మా నాన్న జూట్ మిల్లులో చేసేవాడు. మా ఇంట్లో దేవుడికి ఇవ్వడమంటే ఆదివారం కవరులో పెట్టి ఇవ్వడమే. పెళ్లయి కళింగపట్నం దారిలోని ఈ ఊరికి వచ్చాకే ఈ పిడికిళ్ల గోల చూశాను. వచ్చిన కొత్తలో ఒకరోజు, పని తొందరగా తెములుతుందని బస్తాలోంచే నేరుగా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేశాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సంచిలోది కాదే గుంటా. కొలిసినదాంట్లోంచి తియ్యాల."

"ఏ బియ్యమైనా బియ్యమే కదత్తా."

"సంచిలోంచి తీస్తే సంచికి తగ్గుతాది. కొలిసినదాంట్లోంచి తీస్తే మన కడుపుకి తగ్గుతాది. దేవుడికి సంచెందుకే?"

వీధిగదిలో మిషను కుడుతున్న మా ఆయన దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పి నవ్వాను. ఆయనా నవ్వాడు. "మా యమ్మతోటి వాదం పెట్టుకోకు, గెలవలేవు" అన్నాడు.

ఆయన దర్జీ. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లలో సగం ఆయన కత్తిరించినవే. జూన్ నెల వస్తే స్కూలు యూనిఫాములతో గదంతా నీలం గుడ్డముక్కలే. బియ్యం బస్తా కూడా ఆ గదిలోనే ఉండేది, ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటే. అందుకని మా బియ్యంలో రాళ్ల కన్నా దారప్పోగులు ఎక్కువ ఉండేవి. అవన్నీ ఏరాకే వండుకునేవాళ్లం.

రెండువేల పదిహేను ఎండాకాలంలో ఆయన కాళ్లు వాచాయి. చెప్పులు పట్టడం లేదని కొత్త చెప్పులు కొనుక్కొచ్చాను. అంత తెలివితక్కువదాన్ని. ఊరూరా కిడ్నీ జబ్బున్న మా జిల్లాలో చదువురాని వాళ్లకి కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. టీకొట్టు దగ్గర "నీకు కిరాటిన్ ఎంతున్నాది?" అని మామిడికాయల ధర అడిగినట్టు అడుగుతారు. నాకు మాత్రం ఆ జబ్బు మా ఇంటికి వచ్చేదాకా తెలియదు. ఆ ఏడాది చివరికల్లా వారానికి రెండుసార్లు శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాలన్నారు. దాని సూదులు గుచ్చడానికి ఎడమచేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి వేస్తే లోపల గుర్రుమని తిరుగుతున్నట్టుండేది. "మిషను తొక్కడం తగ్గించీసినానని కోపం వచ్చి ఒంట్లోకి దూరిపోనాది సూడు" అని నా చెయ్యి తీసి దానిమీద పెట్టుకున్నాడు. ఆయన వేళాకోళం నాకు నచ్చలేదు. అవతలికి వెళ్లి ఏడ్చాను.

నేను ఒక చిన్న కాన్వెంటులో మూడో తరగతికి చెప్పేదాన్ని. వారానికి రెండు రోజులు సెలవు పెట్టే టీచరుని ఎవరు ఉంచుకుంటారు? ఆ పనీ పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మాకు పిల్లల్లేరు. లేనందుకు పదేళ్లు ఏడ్చినదాన్ని, ఆ ఏడాది మాత్రం లేకపోవడమే మేలనుకున్నాను. అలా అనుకున్నందుకు మళ్లీ ఏడ్చాను.

ఇంత జరుగుతున్నా దీపాలవేళ మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగలేదు. ప్రార్థనయ్యాక ఒక్కొక్కరూ ఆరోజు దేవుడు చేసిన ఒక మేలు చెప్పి వందనాలు అనాలి. అది అత్త పెట్టిన నియమం. "ఈయేల బస్సులో నా కొడుక్కి సీటు దొరికినాది బాబూ, నీకు వందనాలు" అనేది. కిడ్నీలు రెండూ పాడుచేసి బస్సులో సీటిచ్చిన దేవుడికి వందనాలట! నా వంతు వచ్చినప్పుడు, "ఇవాళ కరెంటు పోలేదు, వందనాలు" అని వెటకారంగా అనేదాన్ని. అత్త కళ్లు మూసుకుని నిజంగానే "ఆమేన్" అనేది. నాకు మరింత మండేది.

అప్పటికి ఆవిడ కళ్లకి శుక్లాలు ముదిరాయి. వంట నా చేతికొచ్చింది. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని కూరలు వాసనతోనూ, మిగతావన్నీ చప్పుళ్లతోనూ కనిపెట్టేది. అప్పుడే నేను దేవుడితో నా గొడవ మొదలుపెట్టాను. తవ్వ నిండా కొలిచేదాన్ని, ఏరేదాన్ని, డబ్బా మూత తీసేదాన్ని, ఏమీ వెయ్యకుండా టప్పున మూసేదాన్ని. నాకేమీ ఇవ్వనివాడికి నేను నా కడుపు మాడ్చుకుని ఇవ్వాలా? సోమవారం సాయంత్రం మాత్రం బస్తాలోంచి నాలుగు దోసిళ్లు ఎత్తి, ఏరనైనా ఏరకుండా డబ్బా నింపేసేదాన్ని. నిండు డబ్బా చూసి చర్చిలో ఎవరికీ అనుమానం రాలేదు. బియ్యం అవే బియ్యం, కానీ దేవుడి కోసం నేనేమీ తగ్గించుకోలేదు. అదీ నా పంతం.

ఆ రోజుల్లోనే అత్తకి తిండి సన్నగిల్లింది. కంచం ముందు కూర్చోగానే అందులోంచి ఒక ముద్ద తీసి పక్కనున్న కొడుకు కంచంలో పెట్టేసేది. "నాకు అరగతల్లేదురా, నువ్వు తిను" అనేది. వయసు మీద పడిందనుకున్నాను. కొడుకు మీద మురిపెం పొంగుకొచ్చిందనీ అనుకున్నాను. "నేను పెట్టింది చాలదనా?" అని ఒకసారి దెప్పాను కూడా.

మరుసటి ఏడాది వానాకాలం మొదట్లో మిషను అమ్మేశాం. అమ్మేశాం అని కలిపి అనకూడదు, నేనే అమ్మేశాను. ఆయన ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోజున పక్కవీధి ఆవిడ వచ్చి పట్టుకెళ్లిపోయింది. ఆయన తిరిగొచ్చి వీధిగదిలో మిషను కాళ్ల గుర్తులు చూశాడు. తరవాతి డయాలిసిస్ వంతు నాడు తెల్లవారి బస్సుకి లేపితే లేవలేదు.

"నానెల్లను. నా కోసం ఇంట్లోవి ఒకటొకటీ బయటికెల్లిపోతన్నాయి. నానే ఎల్లిపోతే మిగిలినవైనా మీకుంటాయి."

నేను అరిచాను. తిట్టాను. చావాలనుంటే నన్ను కూడా చంపి చావమన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాతి వంతుకీ వెళ్లలేదు. ముఖం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరాడక దిండ్లకి జారబడి కూర్చునే ఉండేవాడు. తిండి మానేశాడు. మరో వంతు కూడా తప్పితే మనిషి దక్కడని ఆసుపత్రి నర్సు ఫోనులో చెప్పింది. ఆ మూడో వంతు బుధవారం.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆ వారమే బస్తా అడుగంటింది. ఎప్పుడూ నెలాఖరుదాకా వచ్చే బస్తా. పూటపూటా తవ్వ పూర్తిగా వండి, పైగా వారంవారం దోసిళ్లతో ఎత్తిపోసిన ఫలితం అది. మంగళవారం అత్త డబ్బా అడిగింది. నింపడానికి నా దగ్గర ఏమీ లేదు.

"ఖాళీగా ఉందత్తా. ఎలకలు తినేశాయి" అన్నాను. మూతపెట్టిన డబ్బాలో ఎలకలట! ఆవిడ ఆ మాట పట్టుకోలేదు. ఖాళీ డబ్బానే చెంగు చాటున పెట్టుకుని, గోడలు తడుముకుంటూ బయల్దేరింది. మావాళ్లలో ఖాళీ డబ్బాతో చర్చికి వెళ్లడమంటే నోరు విప్పి అడగడమే. నెల్లిమర్లలో మా అమ్మకి తెలిస్తే ఏమనుకుంటుందోనన్నది నా దిగులు. ఇంట్లో మనిషి పోతుంటే నాకు పరువు గుర్తొచ్చింది.

అరగంటలో ఇద్దరు ఆడవాళ్లు గోనెసంచి చెరోవైపూ పట్టుకుని తెచ్చి వంటింట్లో దించారు. ఒక్క మాట అడగకుండా వెళ్లిపోయారు. చేటలో పోసుకుని ఏరడానికి కూర్చున్నాను. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఉప్పుడుబియ్యం, ఎర్రబియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఏరడానికేమీ దొరకలేదు. ఎవరికి వాళ్లు కొలిచి, శుభ్రంగా ఏరుకుని, తమ వంటలోంచి తీసి వేసినవవి. అక్కడక్కడ మాత్రం రాళ్లు తగిలాయి. వాటితోపాటు నీలం దారప్పోగులు కనిపించాయి. స్కూలు యూనిఫాముల దారం.

నా బియ్యం నా దగ్గరికే వచ్చాయి. అంత సంచిలో నావి మాత్రమే ఏరని బియ్యం. చేట పక్కన పెట్టేశాను. ఆ తరవాత సరిగ్గా ఏరలేకపోయాను.

ఆ అన్నం కుదరలేదు. సన్నవి చిమిడిపోయాయి, ఉప్పుడువి పలుకుగా మిగిలాయి. అన్ని ఇళ్ల బియ్యం ఒక్క గిన్నెలో పోస్తే ఏ ఎసరూ సరిపోదు. కంచం తీసుకెళితే ఆయన తల అడ్డంగా ఊపాడు. అత్త నా చేతిలోంచి కంచం తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"ఒరే, ఇది సంచిలోంచి తీసిన కూడు కాదు. ఊళ్లో ఆడోళ్లందరూ పూటకో పిడికెడు తక్కువ తిని పెట్టిన కూడు. సస్తానంటే సావు, అది నువ్వూ దేవుడూ సూసుకోండి. గానీ ఆళ్లు తినకుండా దాసింది నువ్వు పారబోస్తానంటే నానొప్పుకోను. తిను. తిని రేపు బస్సెక్కు."

ఆయన చాలాసేపు కంచంవైపు చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దలో ఏదో అడ్డుపడింది. నోట్లోంచి వేలితో తీసి చూసుకున్నాడు. నీలం దారం.

"ఇది మనింటిదేనే" అన్నాడు ఆయాసపడుతూ. "మన బియ్యం కూడా ఉన్నాయి ఇందులో."

ఆయన ముఖంలో వారాలుగా లేని వెలుగు చూశాను. ఇంత కష్టంలోనూ నా పెళ్లాం పిడికెడు తీస్తూనే ఉందన్నమాట, ఇది ఒట్టి బిచ్చం కాదన్నమాట అనుకున్నాడు. నావైపు చూసిన ఆ చూపుని నేను తట్టుకోలేకపోయాను. నిజం చెబితే కంచం తోసేస్తాడేమోనని భయం. నోరు మూసుకున్నాను. ఆయన సగం కంచం తిన్నాడు. మర్నాడు తెల్లవారి బస్సెక్కాడు.

ఆ తరవాత పదకొండు నెలలు బతికాడు. సుఖంగా బతికాడని చెప్పను. రోజుకొక సీసా నీళ్లు కొలిచి ఇచ్చేదాన్ని, మధ్యాహ్నానికే అయిపోయేవి, నాలుకతో పెదాలు తడుపుకుంటూ కూర్చునేవాడు. ఆ నెలల్లో నేను పిడికెడు తీశానో లేదో అడగకండి. కొన్నాళ్లు తీశాను, కోపం వచ్చినప్పుడు మానేశాను. ఎండలు ముదిరాక ఒక పొద్దున్న బస్సుకి తయారై, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడు. పైరెండు బొత్తాలు నేనే పెట్టాను.

సమాధి చేశాం. సంఘంవాళ్లు వారం రోజులు వంతులవారీగా వండి తెచ్చారు. ఎనిమిదోరోజు ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. మొదటిసారి ఇద్దరికి కొలవాలి. ఎంత కొలవాలో తెలియక తవ్వ పట్టుకుని నిలబడిపోయాను. అత్త గుమ్మంలో తన చోటులోనే ఉంది. ఇక దాచుకోలేకపోయాను.

"అత్తా, ఆ రోజుల్లో నేను డబ్బాలో ఏమీ వేసేదాన్ని కాదు. సోమవారం బస్తాలోంచి నింపేసేదాన్ని. ఆయన ఆ దారం చూసి నన్ను మంచిదాన్ననుకుని పోయాడు."

"నాకు తెలుసే" అంది.

"ఎలా తెలుసు?"

"గింజలు పడిన సప్పుడు ఏరు, ఉత్త మూత సప్పుడు ఏరు. కళ్లే పోనాయి గానీ సెవులు పోలేదు కదేటి?"

"మరి నన్నెందుకు అడగలేదు?"

ఆవిడ మోకాళ్లు రాసుకుంది.

"కడుపు మండినోళ్లని ఏటడుగుతాం? నువ్వు తియ్యని పిడికెడు నా కంచంలోంచి తీసినాను. అప్పటికే ఉడికిపోయింది కదా, డబ్బాలో ఎయ్యడానికి పనికిరాదు. అందుకే ఆడి కంచంలో ఎట్టినాను."

అరగతల్లేదురా అన్న ముద్దలన్నీ గుర్తొచ్చాయి. నేను దెప్పిన మాటా గుర్తొచ్చింది. రెండు పూటలా, అన్ని నెలలూ.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. "ఎసరు మరిగిపోతన్నాది సూడు" అంది.

కొలిచాను. ఏరాను. పిడికెడు తీసి డబ్బాలో వేశాను. ఆ చప్పుడు విని అత్త కళ్లు మూసుకుని "వందనాలు బాబూ" అంది. ఆ మాట నాకు ఆ రోజు నోటికి రాలేదు, ఇప్పటికీ తేలిగ్గా రాదు. ఆ పూట మాత్రం పిడికెడు తక్కువ తిన్నాను.