దవాఖాన చిట్టీ

ఫోనులో ఎవరికైనా లింకు పంపేముందు ప్రశ్న గుర్తు తరవాత ఉన్న తోకంతా కత్తిరించేస్తాను. అందులో పంపినవాళ్ల ఆనవాళ్లు ఉంటాయట. ఉంటే మనదేం పోతుందని మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. దానికి బొంబాయి కామాఠిపుర నల్లా సంగతి తెలియదు.

ఎనభైల్లో మాట. నేను తొమ్మిదో తరగతి. మా చాళీలో ఇంటికి ఒకటే గది, దాన్నే ఖోలీ అనేవాళ్లం. మా పక్క ఖోలీలో ఉండే పెద్దమ్మకు టీబీ అని చాళీ మొత్తంలో మా ఇంటికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు చదువు రాదు. మందులకు మళ్లీ ఎప్పుడు వెళ్లాలో చూసి చెప్పమని వర్లి దవాఖాన చిట్టీని నా దగ్గరే దాచేది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా, నల్లా కాడ నిలవడనియ్యరు" అనేది. నీళ్లొచ్చేది పొద్దున గంటసేపే. వరసలో వెనకబడితే ఆ రోజుకి ఖాళీ హండాతో ఇంటికి రావలసిందే.

ఒకరోజు ఎదురు ఖోలీ అక్క వచ్చింది. "మా ఆయనకు దగ్గు తగ్గుతలేదు. మంచి దవాఖాన ఏదన్న ఎర్కేనా?" అంది. పేరూ దారీ వేరే కాగితం మీద రాసిస్తే సరిపోయేది. రెండు నిమిషాల పని. బద్ధకించి ఆ చిట్టీనే చేతిలో పెట్టాను. పెద్దమ్మ సంగతి నా నోటితో చెప్పలేదు కదా, మాట తప్పలేదనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

అక్కకూ చదువు రాదు. ఫాక్‌లాండ్ రోడ్డులో కిరాణా దుకాణం అతనితో చదివించుకుంది. అతను పైనుంచి కిందిదాకా చదివాడు: దవాఖాన పేరు, పెద్దమ్మ పేరు, రోగం పేరు. సామాన్లకు వచ్చిన మా చాళీ ఆడవాళ్లంతా విన్నారు.

మర్నాడు నల్లా దగ్గర పెద్దమ్మ హండాను ఎవరో కాలితో వెనక్కి నెట్టారు. ఆమె వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోయాయి. మా అమ్మ మా నీళ్లలో సగం ఆమెకు పోసి, ఇంటికొచ్చి నన్ను దులిపేసింది.

"దవాఖాన అడిగితె దవాఖాన చెప్పాలె. మనిషినెందుకు అప్పజెప్తివే?"

ఏడుస్తూ వెళ్లి పెద్దమ్మ ముందు నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆయనకు మందులు దొరికినయా?" అని మాత్రం అడిగింది.

దొరికాయి. వాళ్ల కొత్త చిట్టీ చదివించుకోవడానికి అక్క నా దగ్గరికే వచ్చింది. అదే దవాఖాన, అదే రోగం. "ఎవ్వరికి చెప్పకు చెల్లే" అంది.

చెప్పలేదు. పెద్దమ్మ కోలుకునేదాకా ఆమె హండా వరస చివరే ఉంది. అక్క హండా ముందుండేది.