గిన్నెలో జారిపడ్డ రొట్టెముక్క

సిగ్గు వయసుతో పాటు తగ్గిపోతుందని అందరూ అంటారు. నాకైతే తగ్గలేదు. నేనూ అదీ ఒకరికొకరం అలవాటు పడ్డాం, అంతే. కానీ కెనడాలోని ఒంటారియోలో, సార్నియా అనే ఊళ్ళో కాలేజీలో చేరిన ఆ మొదటి చలికాలంలో పెత్తనమంతా దానిదే. బస్సులో నేను దిగాల్సిన స్టాప్ వచ్చినా, ఆపమని గంట తీగ లాగితే అందరూ నావైపు చూస్తారని భయం. ఇంకెవరైనా లాగేదాకా కూర్చుని, ఎక్కడో అవతల దిగి, మంచులో వెనక్కి నడిచి వచ్చేదాన్ని. (అసలు ఆ ఊళ్ళో బస్సులే తక్కువ. ఉన్న ఆ ఒక్క బస్సునూ నేను సరిగ్గా వాడుకోలేకపోయానన్నమాట.)

ఆ ఏడు కాలేజీ నిండా మనవాళ్ళే. క్యాంటీన్ లైన్లో నిలబడితే ముందు వరంగల్, వెనక గుంటూరు. అంతమంది ఒక్కసారిగా దిగేసరికి ఊళ్ళో గదులు దొరకడం గగనమైపోయింది. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం అమ్మాయిలం సర్దుకున్నాం. నా పరుపు వాషింగ్ మెషీన్ పక్కన. అది గిర్రున తిరిగినప్పుడల్లా చేతిలో పుస్తకం వణికేది. ఆ అమ్మాయిలందరూ మంచివాళ్ళే, నన్ను బాగా చూసుకునేవాళ్ళు, అదే చిక్కు. పుస్తకం తెరిస్తే "ఏం చదువుతున్నవే? మాకు గూడ చెప్పు" అని చుట్టూ చేరేవాళ్ళు. డైరీ రాయాలంటే బాత్‌రూంలోకి పోవాలి, పోతే బయట లైను. నాకు ఒకటే కోరిక: గొళ్ళెం ఉన్న తలుపు. ఆ తలుపు వెనక ఏం చేస్తానని ఎవరూ అడగకూడదు.

అప్పుడు దొరికింది కాకినాడ అక్క. వృద్ధుల హోంలో పనిచేసేది, ఆదివారాలు చర్చికి వెళ్ళేది, కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ముసలి దంపతుల ఇంట్లో మేడమీద గదిలో అద్దెకుండేది. పక్క గది ఖాళీ అయిందని కబురు చెప్పింది. ఆ ఇంటావిడ యాభై ఏళ్ళ క్రితం స్విట్జర్లాండ్ నుంచి వచ్చి స్థిరపడినావిడ. అక్క ఆవిణ్ణి స్విస్ మామ్మ అనేది, ఆయన్ని తాత అనేది.

"మామ్మ కాగితాలవీ చూడదే. ఆదివారం భోజనానికి పిలుస్తుంది. తినేటప్పుడు మనిషిని చూస్తుంది. పోయిన వారం ఒకమ్మాయి వచ్చింది, వద్దనేసింది."

"ఏం చేసిందక్కా?"

"ఏం చెయ్యలేదు. తిన్నంతసేపూ ఫోన్ చూసుకుంది. నువ్వు మాత్రం మన ఊళ్ళోలాగా మొహమాటానికి వద్దు వద్దు అనకు. వీళ్ళు ఒక్కసారే అడుగుతారు, రెండోసారి బతిమాలరు. వద్దన్నావా, గిన్నె ఫ్రిజ్‌లోకి పోద్ది."

ఆ ఆదివారం ఉన్నవాటిలో మంచి చుడీదార్, దానిమీద స్వెటర్, దానిమీద కోటు వేసుకుని వెళ్ళాను. తలుపు తీయగానే వాసన వచ్చింది. తడిసిన సాక్సులు హీటర్ మీద ఆరేస్తే వచ్చే వాసన.

"అక్కా, ఏం వాసనిది?" అన్నాను చెవిలో.

"భోజనం. ముక్కు మూసుకోకు, మామ్మ చూస్తంది."

బల్ల మధ్యలో చిన్న స్టవ్, దానిమీద మందపాటి ఎర్ర గిన్నె, అందులో కరిగిన చీజ్ తుకతుక ఉడుకుతోంది. పక్కన బుట్టెడు రొట్టెముక్కలు, ఒక్కొక్కరికీ ఒక పొడుగాటి ఫోర్కు. దాన్ని ఫాన్‌డ్యూ అంటారట. ముక్కను గుచ్చి, గిన్నెలో ముంచి, తిప్పి, తినాలి. తాత ముంచాడు, నోట్లో పెట్టుకున్నాడు, అదే ఫోర్కుతో మళ్ళీ ముంచాడు. ఎంగిలి! అందరిదీ ఒకటే గిన్నె! చెల్లి కొరికిన జామకాయ ముట్టుకున్నా చెయ్యి కడిగించే ఇంట్లో పెరిగినదాన్ని. (ఆ గిన్నెలో వైన్ కూడా ఉంటుందని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. ఆరోజే తెలిస్తే పాపాల లెక్కలో అది రెండోది అయ్యేది.)

వద్దంటే గది పోతుంది. అందుకని ఒక ఉపాయం చేశాను. ఫోర్కు పెదవులకు తగలకుండా, ముందు పళ్ళతో రొట్టెముక్కను మాత్రం మెల్లగా లాక్కుని తినడం మొదలుపెట్టాను. కనీసం నా ఎంగిలైనా వాళ్ళకు అంటకూడదని. తలెత్తితే మామ్మ నన్నే చూస్తోంది. దొరికిపోయాననుకున్నాను.

"చూశావా?" అంది మామ్మ తాతవైపు తిరిగి. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, యాస మాత్రం కొండలదే. "ఈ పిల్లను చూసి నేర్చుకో. ఫోర్కు నోటికి తగలకుండా తినాలని నీకు యాభై ఏళ్ళుగా చెబుతున్నాను."

"ఏంటీ?" అన్నాడు తాత. ఆయనకు ఒక చెవే వినిపిస్తుంది, అది మామ్మకు అవతలి వైపుది.

నాకు ధైర్యం వచ్చింది. పైగా ఆ చీజ్, వాసన దాటి లోపలికి వెళ్ళాక, చాలా బాగుంది. మంచినీళ్ళ కోసం చెయ్యి చాస్తే మామ్మ గ్లాసు లాగేసింది. "చల్లనీళ్ళు తాగితే కడుపులో చీజ్ గడ్డకడుతుంది. వేడి టీ తాగు." నెయ్యన్నం తిని నీళ్ళు తాగితే మా అమ్మమ్మ అరిచే అరుపే, భాష మాత్రమే వేరు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది. చెయ్యి కదిలితే ముక్క జారి గిన్నెలో పడి, గుడుగుడుమని మునిగిపోయింది.

మామ్మ ఫోర్కు కింద పెట్టింది. "మా ఊళ్ళో ఒక పద్ధతుంది. ముక్క జారవిడిచిన ఆడపిల్ల పక్కవాళ్ళకు ముద్దు పెట్టాలి. లేదంటే పాట పాడాలి."

నా పక్కన ఉన్నది తాత. ఆయనకు ఈ మాట మాత్రం ఎలాగో వినిపించింది. బుద్ధిగా రుమాలుతో బుగ్గ తుడుచుకుని నావైపు తిప్పాడు.

"అక్కా, నాతోని కాదు," అన్నాను తెలుగులో.

"గది కావాలా, వద్దా? ఏదో ఒకటి పాడవే. వీళ్ళకేం తెలుద్ది!"

నోరు తెరిచాను. చిన్నప్పటినుంచీ విన్న పాటలన్నీ కట్టగట్టుకుని పారిపోయాయి. నాలుగో తరగతిలో అందరం వరసగా కూర్చుని ఊగుతూ అరిచిన ఒకే ఒక్క రాగం మిగిలింది. కళ్ళు మూసుకుని అదే ఎత్తుకున్నాను: "పదమూడొకట్ల పదమూడు... పదమూడు రెళ్ళు ఇరవయ్యారు..." అక్క బల్ల కింద నా కాలు తొక్కింది. తాత చెంచాతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆ తాళానికి నా గొంతు కూడా కాస్త లేచింది. "పదమూడు పదులు నూటాముప్పై" అని ఆఖర్న సాగదీసి కళ్ళు తెరిచేసరికి, అక్క మొహం కొంగు లేని లోటు తీరేలా స్కార్ఫ్‌లో దాచుకుని ఉంది.

"ఎంత బాగుంది!" అంది మామ్మ. "దేని గురించి ఆ పాట?"

"దేవుడి గురించి" అని అక్క అందించబోయింది. కానీ నాకు మాట్లాడటమే ఒక కష్టం, అందులో అబద్ధం మాట్లాడటం రెండు కష్టాలు. "పదమూడో ఎక్కం," అన్నాను. ఎక్కమంటే ఏమిటో కూడా చెప్పాను. అయిపోయింది, వాషింగ్ మెషీన్ పక్కకే మళ్ళీ, అనుకున్నాను.

మామ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, బడిపిల్లలా తన భాషలో ఏదో ఊగుతూ మొదలుపెట్టింది. రాగం వేరేగానీ ఆ ఊగడం మాదే. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. పైకి చూసింది, వేళ్ళు మడిచింది.

"ఫిఫ్టీ సిక్స్!" అని అరిచాడు తాత.

ఏడో ఎక్కంలో ఏడు ఎనిమిదుల దగ్గర ఆగిందన్నమాట. మామ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అక్క స్కార్ఫ్ తీసేసి పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వానని, పైకే నవ్వానని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

ఆఖర్న గిన్నె అడుగున మాడిన చీజ్ పెచ్చు మిగిలింది, మన పాలగిన్నె అడుగులాగే గోధుమరంగులో. మామ్మ దాన్ని కత్తితో గోకి తీసింది. "ఇది అతిథులకు పెట్టం. ఇంట్లోవాళ్ళకే," అంది. నేను మర్యాదగా చూపు తిప్పుకున్నాను. మామ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

మేడమీద నా గదిలో కిటికీ, బల్ల, ఇత్తడి గొళ్ళెం ఉన్న తలుపు. చేరిన మొదటి సాయంత్రం గొళ్ళెం వేసి, మంచమెక్కి, పుస్తకం తెరిచాను. ఎవరూ ఏం చదువుతున్నావని అడగలేదు. కింద వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, అక్క నవ్వు, తాత "ఏంటీ?" వినిపిస్తున్నాయి. కాసేపటికి నీళ్ళు కావాలనే వంకతో పుస్తకం పట్టుకుని కిందికి దిగాను. మామ్మ ఒక కుర్చీ జరిపింది. చదువు పూర్తయ్యేదాకా నేను చదివిందీ రాసిందీ అంతా ఆ కుర్చీలోనే. ఇప్పుడు లండన్‌లో (మా ఒంటారియో లండన్‌లోనే) ఇల్లు మొత్తం నాదే, తలుపులన్నీ నావే. అప్పటి ఆ అమ్మాయిని, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. ఒక గొళ్ళెం కోసం పరాయి ఊళ్ళో గొంతెత్తి పాడింది, దాన్ని వేసుకున్నది మాత్రం ఒక్క సాయంత్రం.