సిమెంటు పూసిన మట్టిగోడ

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ కొట్టిందంటే గూట్లోని గాజు గ్లాసులు దించి కింద పెట్టేవాళ్ళం. బొగ్గు కోసం బండలు పేల్చే ఓపెన్‌కాస్టు గని మా వాడకు అంత దగ్గర.

మాది మట్టిగోడల పెంకుటిల్లు. ఆ గోడలు మా అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, తన కాళ్ళతో మట్టి తొక్కి పెట్టినవి. ఎండాకాలం లోపల ఎంత చల్లగా ఉండేదో! కానీ నాకు సిగ్గు... గని కంపెనీ క్వార్టర్లలో ఉండే నా దోస్తు "మీ గోడలు గిట్లున్నయేందే?" అన్నదని, రెండు రోజులు అన్నం మానేసి మరీ ముందరి గోడకు రెండు వైపులా సిమెంటు పూయించాను. అవ్వ వద్దంటూనే ఉంది. నేను వింటేనా!

మరుసటి వానాకాలం ఒక పొద్దున... బాపు షిఫ్టుకు పోతూ ఆ గోడ దగ్గర ఆగిపోయాడు. ఆయన పని భూమి లోపలి గనిలో; అక్కడ పైకప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి చప్పుడు వినడం ఆయనకు అలవాటు. గోడనూ అలాగే కొట్టాడు. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది.

"డొల్లగున్నది బిడ్డా. సైరన్ కొట్టంగనే అవ్వను బయటికి తీస్కపో. యాదిమరవకు."

అమ్మ నాట్లకు పోయింది. ఇంట్లో నేను, అవ్వ... అంతే.

సైరన్ కొట్టింది. అవ్వ ఆ గోడకే ఆనుకుని, పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది.

"అవ్వా, లే! బాపు చెప్పిండు."

"నేను పెట్టిన గోడ నా మీదనే పడ్తదా? పో, పోయి ఆడుకో."

చెయ్యి పట్టి గుంజాను. కదల్లేదు. రెండో సైరన్... ఇక పేల్చడమే తరువాయి. ఏడుపు, కోపం రెండూ తన్నుకొచ్చాయి. ఏం చెయ్యాలో తోచక బాపు కర్ర తీసుకుని ఆమె తల పక్కనే గోడను కొట్టాను. మళ్ళీ కొట్టాను.

అవ్వ చేతులు ఆగాయి. మా తాతా గని మనిషే, ఆయనతో అన్నేళ్ళు కాపురం చేసింది కదా... ఆ చప్పుడు ఆమెకూ తెలుసు. చాట పక్కన పెట్టి లేచింది.

వాకిలి దాటామో లేదో భూమి అదిరింది. వెనక దబ్బుమని చప్పుడు.

పోయి చూస్తే కప్పు దూలాల మీద నిలబడింది గానీ పీట కనిపించలేదు. దాని మీద సిమెంటు పెచ్చులూ మట్టిపెళ్ళలూ... అవ్వ ఇంత మట్టి తీసి నలిపింది. తడిగా ఉంది.

"నా మట్టి చెడలే బిడ్డా. కింది నుంచి చెమ్మ పట్టింది. మీ సిమెంటు దానికి ఊపిరాడనియ్యలే."

తిట్టినా బాగుండేది.

వానలు తగ్గాక అదే మట్టిని నానబెట్టి, వరిగడ్డి కలిపి, నాతోనే తొక్కించింది. సిమెంటు పెచ్చులు పారేశాం. మట్టి తట్టెడు కూడా వృథా కాలేదు... మళ్ళీ గోడయ్యింది. పైన సున్నం వేశాం.

మొన్న ఇల్లు బాగుచేయిస్తుంటే మేస్త్రీ అదే గోడ చూపించి, "సిమెంటు పూస్తే మళ్ల దీని ఫికరే ఉండదక్కా" అన్నాడు. నేను వద్దని అరిచిన అరుపుకు పాపం, తాపీ కింద పెట్టేశాడు.

గోడ అడుగున మట్టి కొంచెం రాలుతోంది. తొక్కడం నా కాళ్ళకు గుర్తుంది... ఎన్ని నీళ్ళు, ఎంత గడ్డి అన్నది అవ్వతోనే పోయింది. మా వాడలో ఒక్కరికీ రాదట. మీ ఇంట్లో ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి... నేనే వచ్చి నేర్చుకుంటాను.