గంగరత్నం ఎండ లెక్క

రేపల్లె చేపల మార్కెట్లో గంగరత్నం కత్తిపీట ముందు కూర్చోబట్టి ఇరవయ్యేళ్ళు దాటింది. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనిషి. అలాంటిది వారానికి రెండుసార్లు రైలెక్కి, ఒంటికి వెలుగు పట్టించుకోడానికి తెనాలి వెళ్తోందంటే మార్కెట్టు నవ్వకుండా ఉంటుందా?

"ఇక్కడ నెత్తి మాడిపోతుంటే, ఎండ కోసం తెనాలి పోతన్నావా వదినా?" అంది పక్కబుట్ట ధనమ్మ.

ధనమ్మ నవ్వక ఏం చేస్తుంది! గంగరత్నం చేతులమీద బొల్లి మచ్చలు వచ్చిన దగ్గర్నుంచీ వాడుకవాళ్ళంతా ఒక్కొక్కరే ధనమ్మ బుట్టవైపు జరిగారు. అది అంటుకునేది కాదని డాక్టరు చెప్పాడు. చెబితే మాత్రం వినేదెవరు? చేపమీద మచ్చలుంటే ముద్దు, కోసే చేతిమీద ఉంటే రోత. ఏళ్ళ తరబడి పొద్దున్నే వచ్చి బోణీ చేసే భవాని కూడా ఒకరోజు బుట్టలో పండుగప్ప చేపను చూసి, ఈమె చేతులు చూసి, "రేపొస్తాలే" అని ధనమ్మ దగ్గర ఆగింది. మచ్చలు పోతేగాని తనకు ఈ పీట దక్కదని గంగరత్నానికి ఆరోజే తెలిసిపోయింది.

తెనాలి ఆసుపత్రిలో నిలువెత్తు పెట్టె ఉంది, లోపలంతా ట్యూబులైట్లు. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని అందులో కాసేపు నిలబడాలి. మిషను చూసే అమ్మాయి సౌజన్య, వచ్చినప్పుడల్లా ఆ వెలుగును కొంచెం కొంచెం పెంచేది. పెంచేముందు అడిగేది.

"బయట ఎండలో తిరగట్లేదుగా పిన్నిగారూ?"

"లేదండి."

పచ్చి అబద్ధం. తిరక్కపోతే చేపలెవరమ్ముతారు? పైగా ఆమె లెక్క ఆమెకుంది. పెట్టెలో కాసింత వెలుగే మేలు చేస్తే, మిట్టమధ్యాహ్నం ఎండ ఇంకెంత మేలు చెయ్యాలి! తెనాలి నుంచి వచ్చీరాగానే జాకెట్టు చేతులు పైకి మడిచి, కావాలని ఎండలో చాపుకుని కూర్చునేది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా? ఒకరోజు చేతులు ఎర్రగా కమిలి బొబ్బలెక్కాయి. కత్తి పట్టడమే కుదర్లేదు. ఉన్న నాలుగు బేరాలూ పోయాయి.

తెనాలి వెళ్ళి బొబ్బలు చూపించి నిజం చెప్పేసింది. సౌజన్య తిట్టలేదు. "వెలుగు ఎంత గట్టిదన్నది ఒక్కటే చూస్తే చాలదండి. ఎంతసేపు పడిందన్నదీ చూస్తాం. రెండూ కలిసి అంగుళం చర్మం మీద మొత్తం ఎంత పడిందో, అదీ మా లెక్క. నేనిచ్చేది నాకు తెలుసు. బయట పడింది మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

గంగరత్నం బొబ్బల చేతులకేసి చూసుకుంది. "పులుసులో మీరు ఉప్పేశారు. మీకు చెప్పకుండా నేనూ వేశాను."

"అంతేనండి!"

బొబ్బలు మానాక గంగరత్నం బుట్టని షెడ్డు వెనకగోడ నీడకి మార్చింది. అక్కడికి బేరమే రాదు. అయినా అక్కడే కూర్చుంది. ఎప్పుడైనా ఎండ తగిలితే తగిలిందని సౌజన్యకి చెప్పేది, సౌజన్య ఆ మేరకు పెట్టెలో వెలుగు తగ్గించేది. వానాకాలం వెళ్ళేసరికి తెల్లమచ్చల్లో ఆవగింజల్లా గోధుమరంగు చుక్కలు పొడిచాయి. అవి పెరిగి కలుసుకున్నాయి. వేళ్ళ కొసలు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. అక్కడ రంగు రావడం కష్టమని సౌజన్య చెప్పిన రోజు గంగరత్నం రైల్లో అందరిముందూ ఏడ్చింది.

ఒక పొద్దున భవాని వెనకగోడ దాకా వచ్చింది.

"పోయాయే నీ మచ్చలు!"

వేళ్ళు ముడుచుకుంటే సరిపోయేది. కానీ ఒక్క అబద్ధానికి చేతులు కాల్చుకున్న మనిషి. పదివేళ్ళూ చాపి చూపించింది.

"ఇవి ఇంతేనమ్మా, ఇక రంగు రాదంట. చేప కోసేది ఈ వేళ్ళతోనే. ఇష్టమైతే తీసుకో."

భవాని ఆ వేళ్ళకేసి చూసింది. దూరంగా ధనమ్మ బుట్టకేసి చూసింది. తర్వాత కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పీట ముందు గొంతుక్కూర్చుంది.

"తలకాయ వేరుగా కొయ్యి. పులుసు పెట్టాలి."

గంగరత్నానికి కళ్ళు మసకలు కమ్మాయి. అయినా కత్తి తప్పలేదు. ఆవేళ బోణీ భవానిదే.