అండాలమ్మ టీచర్ తలకెత్తుకున్న నా తప్పు

భౌతికశాస్త్రం బోధించిన అండాలమ్మ గారు ఇక లేరన్న వార్త గత సోమవారం ప్రార్థన వేళ మా బడికి చేరింది. దుఃఖం కంటే ముందు నన్ను ఆవరించింది సిగ్గు. ఎందుకో చెప్పకుండా ఆమెకు నివాళి రాసే అర్హత నాకు లేదు.

కొత్వాల్‌గూడ రైతు కుటుంబంలో పుట్టి, శంషాబాద్ దగ్గరి మా సర్కారు బడిలో పదవీ విరమణ దాకా పాఠం చెప్పిన విదుషీమణి ఆమె. దూరం–కాలం గ్రాఫ్ పాఠం గదిలో చెప్పేవారు కాదు. గేటు దగ్గర ఒక పిల్లను నిలబెట్టి, సుద్దతో గీసిన గ్రాఫ్ చూపించి, “ఈ గీత నడిచి చూపియ్యి బిడ్డా” అనేవారు. గీత పైకి పోతే గేటుకు దూరంగా నడవాలి, అడ్డంగా ఉంటే నిలబడాలి, కిందికి దిగితే తిరిగి గేటు వైపు రావాలి. “నువ్వు ఆగినా టైం ఆగదు. గందుకే గీత అడ్డం పోతది” అనేవారు. విమానం నెత్తిమీదుగా పోతే ఆ చప్పుడు తగ్గేదాకా అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఆగేవారు. ఆ ఆగడాన్నీ గ్రాఫ్‌లో గీయించేవారు.

అప్పట్లో నేను కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారుని. తల్లి దవాఖానలో ఉందని ఆమె సెలవు పెడితే ఆ పాఠం నాకు అప్పగించారు. వేగం గ్రాఫ్‌తో కలగాపులగం చేసి, గీత కిందికి దిగితే బండి మెల్లగైనట్టని చెప్పాను. పుస్తకం తెరిచి చూసుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. పై వారం తనిఖీ అధికారి అడిగితే తరగతంతా అదే అప్పజెప్పింది. ఆయన ఉపాధ్యాయుల గదికొచ్చి, “ఎవరు చెప్పారిది?” అని గద్దించారు. నేను చేతిలోని హాజరుపట్టీ తిరగేస్తూ కూర్చున్నాను.

“నేనే చెప్పిన సార్. పొరపాటైంది” అన్నారు, అప్పటికి సెలవు ముగించుకొచ్చిన అండాలమ్మ గారు. అందరి ముందూ చీవాట్లు తిన్నారు.

తరవాత నన్ను పక్కకు పిలిచి, “వచ్చీరాంగనే పేరు ఖరాబైతే ఇగ తేరుకోవు తమ్మీ. పొయ్యి పిల్లలకు సరిగ్గ చెప్పు. తప్పు నీదేనని గూడ చెప్పు” అన్నారు. పాఠం సరిగ్గా చెప్పాను. తప్పు మాత్రం నాదనలేదు, పుస్తకంలో అచ్చుతప్పు పడిందని అబద్ధమాడాను.

మొన్నటి సంతాపసభలో ప్రధానోపాధ్యాయులు ప్రేమగానే, “అంతటి టీచరు కూడా ఒక్కసారి పొరబడింది” అన్నారు. అందరూ చిన్నగా నవ్వారు. ముందు వరసలో ఆమె కూతురు తల వంచుకుంది. అప్పుడూ నేను కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఆ కూతురితో అంతా చెప్పాను. “అమ్మ మాకు ఎప్పుడో చెప్పింది సార్” అంది. “మీరే ఒకనాడు అందరికీ చెప్తరని గిన్నేండ్లు ఎదురుచూసింది” అంది.

ఆమె శిష్యులారా, ఆ పాఠం తప్పు చెప్పింది నేను. అంతటి గురువు మా బడికి మళ్ళీ దొరకరు. ఈ మాట ఆమె వినాల్సింది. ఆమె బతికుండగా చెప్పడానికి నాకు ఎన్నో ఏళ్ళు దొరికాయి, చెప్పలేదు.